మామయ్య కూర్చోగలుగుతున్నారు కదా, ఇంకా నడిపించరేం?

ఖమ్మం నుంచి ఒక కోడలు రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. సంగతి క్లుప్తంగా చెబుతాను.

ఆమె మామగారికి 64 ఏళ్లు. లారీ డ్రైవరుగా చేసి మానేశారు. బీపీ ఉన్నా మాత్రలు గుర్తొస్తే వేసుకునేవారు, లేదంటే లేదు. ఆరు వారాల కిందట తెల్లవారుజామున మెదడు కుడివైపు స్ట్రోక్ వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉంచి ఇంటికి పంపారు. మాట బాగానే వస్తోంది. వారానికి మూడు రోజులు ఫిజియో ఇంటికొస్తున్నారు.

ఇప్పుడు పాదాలు నేలమీద ఆనించి మంచం అంచున కూర్చోబెడితే, చేత్తో దేన్నీ పట్టుకోకుండా ఒక నిమిషం దాకా ఉంటారు. ఎడమవైపు తనంతట తానే దొర్లుతారు. కుడివైపు తిరగాలన్నా, లేచి కూర్చోవాలన్నా మంచం కమ్మి పట్టుకుని లాక్కోవాల్సిందే. కూర్చున్నాక నీళ్లగ్లాసు కోసం చెయ్యి చాపినా, లుంగీ సర్దుకోబోయినా ఎడమవైపు ఒరిగిపోతారు. మొదటి మూడు వారాలు ఇంకో తంటా. కుడిచేత్తో మంచాన్ని గట్టిగా నొక్కి తనను తానే ఎడమవైపు తోసుకునేవారు. సరిచేయబోతే ఎదురు తోసేవారు. అది చాలావరకు తగ్గింది గాని, మంచం మీంచి కుర్చీలోకి మార్చేటప్పుడు, సాయంత్రం అలసిపోయినప్పుడు మళ్లీ కనబడుతోంది. అత్తగారు దాన్ని మొండితనం అనుకుని కసురుతున్నారు.

ఫిజియో నోటుబుక్కులో 'టీఐఎస్ 9/23, స్టాటిక్ 5, డైనమిక్ 3, కోఆర్డినేషన్ 1' అని రాసి, 'ట్రంక్ కంట్రోల్ (మొండెం మీద పట్టు) ఇంకా రాలేదు, నడక తర్వాత చూద్దాం' అన్నారట. అంతకు మించి చెప్పలేదు. హైదరాబాద్‌లో ఉండే బావగారు వీడియో కాల్‌లో చూసి 'నాన్న శుభ్రంగా కూర్చుంటున్నాడు, వీడు డబ్బుల కోసం కూర్చోబెట్టి ఆడిస్తున్నాడు' అన్నారు. తనకు తెలిసిన ఇంకొకరిని పంపారు. ఆయన నడుముకి బెల్టు కట్టి, చెరో పక్క మనిషిని పెట్టి వాకిట్లో పది అడుగులు నడిపించారు. వెనక్కి తిరిగేటప్పుడు మామగారు కూలబడ్డారు. ఎడమచెయ్యి పట్టి లేపారు. అప్పటినుంచి ఎడమ భుజం నొప్పి. ఇప్పుడు బావగారు నూనె మర్దనాలు చేసే చోట నెలరోజులు ఉంచుదామంటున్నారు. అత్తగారేమో పడిపోతారన్న భయంతో చుట్టూ దిండ్లు పేర్చి వాలుకుర్చీలో కూర్చోబెడుతున్నారు. భర్త ఉదయం ఏడింటికి డ్యూటీకి వెళ్తే రాత్రికే రావడం.

ఆమె అడిగినవి ఇవి: వీళ్లలో ఎవరి మాట సరైనది? ఆయన కూర్చోవడం బాగుపడుతోందో లేదో ఇంట్లో నేనే చూసుకోవచ్చా? మళ్లీ నడుస్తారా? కోడలిని, ఇందులో నోరు విప్పొచ్చా?

అమ్మా,

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే బాగా పనికొచ్చింది లుంగీ సంగతి. మీ బావగారు ఫోన్‌లో చూసింది కదలకుండా కూర్చున్న మనిషిని. మీరు రోజూ చూస్తున్నది చెయ్యి కదిలించగానే ఒరిగిపోయే మనిషిని. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అందుకే మీ ఇంట్లో వాదన తెగడం లేదు.

మనం గ్లాసు అందుకోవడానికి చెయ్యి చాపే ముందే నడుము, పొట్ట, వీపు కండరాలు సిద్ధమైపోతాయి. చెయ్యి ముందుకు పోతే ఒంటి బరువు ఎటు జరుగుతుందో మెదడు ముందే లెక్కేసి, ఆ మేరకు మొండేన్ని బిగించి ఉంచుతుంది. స్ట్రోక్ తర్వాత దెబ్బతినేది ముఖ్యంగా ఈ ముందస్తు సర్దుబాటే. ఒక మేలేమిటంటే, మొండెం కండరాలకు మెదడు రెండు వైపుల నుంచీ ఆదేశాలు అందుతాయి. అందుకే చెయ్యి అసలు లేవనివాళ్లకు కూడా నడుము కొంతవరకు నిలుస్తుంది. మామయ్య నిమిషంపాటు కూర్చోగలగడం అలాగే. ఆయన కదలకుండా ఉండగలరు, కదిలితే ఆపుకోలేరు.

ఆ 9 మార్కుల అర్థం కూడా ఇదే. ఫిజియో వాడిన కొలత పేరు ట్రంక్ ఇంపెయిర్‌మెంట్ స్కేల్, పొట్టిగా టీఐఎస్. దాన్ని 2004లో బెల్జియంలోని లూవెన్‌లో వెర్‌హేడెన్ బృందం తయారు చేసింది. మొత్తం 23. అందులో 7 కుదురుగా కూర్చోవడానికి. పది సెకన్లు ఆసరా లేకుండా ఉండగలరా, బాగున్న కాలిని పడిపోయిన కాలి మీద వేస్తే ఒరగకుండా కూర్చోగలరా, ఆ కాలిని తానే వేసుకోగలరా అన్నవి ఇందులో చూస్తారు. మామయ్యకు ఇక్కడ 5 వచ్చాయి. తర్వాతి 10 పక్కలకు వంగడానికి. ఒక మోచేతిని పరుపుకి ఆనించి మళ్లీ నిటారుగా రావాలి, ఒక పక్క పిరుదు పైకెత్తి దించాలి, రెండు వైపులా. ఇక్కడ 3. మిగిలిన 6 భుజాల్ని, నడుమునీ విడివిడిగా అటూ ఇటూ తిప్పడానికి. ఇక్కడ 1. అంటే మీ బావగారు చూసిన భాగంలో ఏడుకి ఐదు, మీరు చూస్తున్న భాగంలో పదహారుకి నాలుగు. ఫిజియో తప్పు లెక్క కట్టలేదు, ఆ నోటుబుక్కు తెరిచి మీకు రెండు నిమిషాలు వివరించి ఉంటే ఈ గొడవ సగం ఉండేది కాదు. మా వృత్తిలో ఈ జబ్బు చాలామందికి ఉంది. అంకె రాస్తాం, అర్థం చెప్పం.

ఇక నడక. మళ్లీ నడుస్తారా అన్న ప్రశ్నకు కూర్చోవడంలోనే కొంత జవాబు దొరుకుతుందని తెలిసి చాలాకాలమైంది. నెదర్లాండ్స్‌లో చేసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, స్ట్రోక్ వచ్చిన 72 గంటల్లోపు ఆసరా లేకుండా అర నిమిషం కూర్చోగలిగి, కాలిలో కొద్దిపాటి బలం కనిపించినవాళ్లు ఆరు నెలలకు ఒకరి సాయం లేకుండా నడిచే అవకాశం 98 శాతం అని తేలింది. రెండూ లేనివాళ్లకు అది సుమారు 27 శాతం. మీరు ఇంటర్నెట్‌లో ఎక్కడో ఈ రెండో అంకె చూసి బెంబేలు పడే ప్రమాదం ఉంది కాబట్టి ముందే చెబుతున్నాను, అది మొదటి మూడు రోజుల లెక్క. ఆరు వారాలకు దాన్ని తెచ్చి అంటించకూడదు.

ఆరు వారాల దగ్గర పనికొచ్చే పాత కొలత ఇంకోటి ఉంది. బ్రిటన్‌లో 1990లో కాలిన్, వేడ్ అనే ఇద్దరు ప్రచురించారు. నాలుగే పనులు: పడిపోయిన వైపు దొర్లడం, బాగున్న వైపు దొర్లడం, పడుకున్నచోటు నుంచి లేచి కూర్చోవడం, పాదాలు నేలకు ఆనకుండా మంచం అంచున అర నిమిషం కూర్చోవడం. మామూలుగా చేస్తే 25, ఏదో పట్టుకుని లాక్కుంటూ చేస్తే 12, చేయలేకపోతే సున్నా. మీరు రాసినదాన్ని బట్టి లెక్క వేశాను. ఎడమవైపు దొర్లడానికి 25. కమ్మి పట్టుకుని కుడివైపు తిరగడానికి 12, లేవడానికి 12. కూర్చోవడం మీరు పాదాలు ఆనించి చూశారు కాబట్టి దానికి ప్రస్తుతానికి 12 వేద్దాం. మొత్తం 61. వాళ్లు చూసినవాళ్లలో ఆరు వారాలకు 50, ఆపైన వచ్చినవాళ్లు 18 వారాలకల్లా నడవగలిగారు. అది చిన్న అధ్యయనం, మామయ్యను చూడకుండా ఉత్తరం చదివి నేను వేసిన లెక్క ఇది. హామీగా తీసుకోకండి. కానీ ఆశ వదులుకునే పరిస్థితి కాదని మాత్రం అత్తమ్మకు ధైర్యంగా చెప్పొచ్చు.

ఇప్పుడు అత్తమ్మ కసురుకుంటున్న విషయం. ఇది మొండితనం కాదమ్మా. కుడి మెదడు దెబ్బతిన్న కొందరిలో, ఒళ్లు నిటారుగా ఉందో లేదో తెలిపే లోపలి లెక్క తప్పుతుంది. నిటారుగా కూర్చోబెట్టినా వాళ్లకు ఒరిగినట్టే, పడిపోతున్నట్టే ఉంటుంది. అందుకే బాగున్న చేత్తో నొక్కి ఎదురు తోస్తారు. మీరు ఎంత బలంగా సరిచేస్తే అంత బలంగా తోస్తారు, ఎందుకంటే ఆయన దృష్టిలో మీరు ఆయన్ని పడేస్తున్నారు. పడేస్తున్న మనిషి పైగా తిడుతుంటే ఎలా ఉంటుందో అత్తమ్మను ఒక్కసారి ఊహించుకోమనండి.

ఇది చాలామందిలో ఆరు నెలల్లోపు తగ్గిపోతుంది. మామయ్యకు ఇప్పటికే తగ్గుతోంది. ఇంకా మంచి సంగతి, ఒళ్లు తప్పు చెప్పినా కళ్లు సరిగానే చెబుతాయి. ఎదురుగా తలుపు చట్రమో, వరండా స్తంభమో ఉండేలా కూర్చోబెట్టి 'మామయ్యా, ఆ గుమ్మానికి మీరు సమంగా ఉన్నారా?' అని అడగండి. 'ఎడమకి పోతున్నారు' అని మీరే చెప్పేయకండి. తనే చూసి కనుక్కోవాలి. కుడి పక్కన గోడ ఉండేలా బెంచీ వేసి, 'కుడి భుజం గోడకి తగిలించండి' అనండి. తోసి చేయించలేనిది ఇలా తనంతట తానే చేస్తారు. కుడి అరచెయ్యి మంచం మీద ఆనితేనే తోయడం మొదలవుతుంది గనక, ఆ చేతికి పని పెట్టండి. కుడిపక్కన కాస్త దూరంలో స్టూలు మీద పేపరో, తువ్వాలో పెట్టి అందుకోమనండి. కుర్చీలోకి మార్చేటప్పుడు కుర్చీ ఏ పక్క ఉంటే సులువో ఫిజియో చేసి చూపించాకే మీరు చేయండి.

ఎడమవైపు నుంచి పిలిస్తే చప్పున తల తిప్పుతున్నారా, కంచంలో ఎడమవైపు కూర అలాగే వదిలేస్తున్నారా అన్నది కూడా గమనించండి. వదిలేస్తుంటే ఆ మాట ఫిజియోకి చెప్పాలి. ఎడమ పక్క ఒకటి ఉందన్న ధ్యాసే లేకపోతే అటు ఒరిగినా తెలియదు.

ఇంట్లో చూసుకోవచ్చా అంటే, చూసుకోవచ్చు. మార్కులు వేయడం ఫిజియోకి వదిలేయండి. మీరు చూడాల్సింది మార్పు. నవారు మంచం, మెత్తటి పరుపు పనికిరావు, వాటి మీద కూర్చుంటే మీరూ నేనూ కూడా ఒరుగుతాం. ప్లాస్టిక్ కుర్చీ అసలొద్దు, పక్కకి ఒరిగితే కుర్చీతో సహా పడతారు. గట్టి చెక్కబెంచీ, రెండు పాదాలూ నేలమీద పూర్తిగా ఆనే ఎత్తులో ఉండాలి. ఎత్తు ఎక్కువైతే పాదాల కింద పీట వేయండి. ఎడమ పక్కన చెయ్యందేంత దగ్గరలో ఒక మనిషి తప్పనిసరి. భోజనం చేసిన వెంటనే వద్దు. లేచి కూర్చోగానే కళ్లు తిరుగుతున్నాయంటే ఆపి బీపీ చూడండి, అలా పదేపదే జరిగితే బీపీ మాత్రల సంగతి డాక్టర్‌తో మాట్లాడాలి.

చేతులు ఒళ్లో పెట్టించి నెమ్మదిగా ముప్పై లెక్కపెట్టండి. కుడిచెయ్యి దొంగచాటుగా బెంచీ అంచుని పట్టుకుంటోందేమో చూడండి, చాలామందిలో అదే జరుగుతుంది, వాళ్లకే తెలియదు. తర్వాత మీ ఆయన్ని ఎడమవైపు నుంచి పలకరించమనండి, తల తిప్పినప్పుడు ఒళ్లు కూడా పోతోందా? తర్వాత గ్లాసు. మొదట చెయ్యి చాపితే అందేంత దూరం, అది సులువయ్యాక బెత్తెడు అవతల. ముందుకు, కుడికి, ఆఖరున ఎడమకి. వెళ్లడం కంటే వెనక్కి రావడాన్ని ఎక్కువ గమనించండి. వంగి ఆగిపోయి, ఎవరైనా లేపితేగాని రాలేకపోతే ఆ దూరం ఇంకా ఆయనది కాదు.

బరువు చూసుకునే మెషిన్ ఇంట్లో ఉంటే ఎడమ పాదం కింద పెట్టండి, అదే ఎత్తు పీట కుడి పాదం కింద. ముందుకు వంగి గ్లాసు అందుకునేటప్పుడు ముల్లు కదులుతోందా? మొదట్లో అసలు కదలదు. ఎడమ పాదం నేలని నొక్కడం నేర్చుకున్న రోజున కదులుతుంది. లేచి నిలబడటానికి ఆ నొక్కుడే కావాలి. ఆస్ట్రేలియాలో డీన్, షెపర్డ్ 1997లో ప్రచురించిన ప్రయోగంలో, కూర్చున్నచోటే చెయ్యందని దూరంలోని వస్తువులు అందుకోవడం రెండు వారాలు సాధన చేసినవాళ్లు మరింత దూరం అందుకోగలగడమే కాదు, పడిపోయిన కాలి మీద ఎక్కువ బరువు మోపగలిగారు. వైద్య ప్రయోగాల ఫలితాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2023లో 68 ప్రయోగాలను కలిపి చూసిన సమీక్షలోనూ మొండెం వ్యాయామాల వల్ల కూర్చోవడమే కాక నిలబడటం, నడక కూడా మెరుగవుతాయని కనిపించింది. 'కూర్చోబెట్టి ఆడిస్తున్నాడు' అన్న మీ బావగారికి చెప్పాల్సింది ఇదే. ఆ ఆటే నడకకి పునాది.

వారానికొకసారి, ఒకే రోజు, ఒకే వేళకి వెనకనుంచి వీడియో తీయండి. చొక్కా లేకుండా తీస్తే ఎడమ నడుము దగ్గర చర్మం ముడత పడటం, ఎడమ భుజం కిందికి దిగటం తెలుస్తాయి. మీరు కోడలు, ఆయన మామగారు, ఇబ్బంది ఉంటుంది. ఆ పని మీ ఆయన్ని చేయమనండి. ఆదివారం పది నిమిషాలు చాలు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి తీస్తే ఇంకా మంచిది. మీ ఫిజియో వచ్చేది ఉదయమో సాయంత్రమో మీరు రాయలేదు. ఉదయం చూసి మార్కులు వేస్తే సాయంత్రం మామయ్య ఎలా ఉంటారో ఆయనకు తెలిసే వీల్లేదు.

ఇక దారులు. నాకు నాలుగు కనబడుతున్నాయి.

బావగారు పంపినాయన చేసినట్టు మనుషుల్ని పెట్టి నడిపించడం మొదటిది. దీనిలో మంచి అసలు లేదనను. పది అడుగులు వేసిన రోజు మామయ్య ముఖంలో వెలుగు మీరూ చూసే ఉంటారు. కానీ ఒళ్లు నిలవకుండా నడిపిస్తే బరువంతా కుడికాలి మీద, మోసేవాళ్ల మీద పడుతుంది, ఎడమకాలు వెంట ఈడ్చుకు వస్తుంది. మెదడు ఆ నడకనే నేర్చుకుంటుంది. ఆయన తిరిగేటప్పుడే ఎందుకు కూలబడ్డారంటే, తిరగడానికి భుజాలు, నడుము విడివిడిగా కదలాలి. ఆరుకి ఒకటి వచ్చింది సరిగ్గా అక్కడే. లోడు ఒక పక్కకి జరిగిన లారీ మలుపులో ఏమవుతుందో మీ ఇంట్లో మామయ్యకు ఎవరూ చెప్పనక్కర్లేదు, ఆయన్నే బావగారికి చెప్పమనండి. తుంటి విరిగిందంటే నెలలు వెనక్కి పోతాం.

రెండోది మీ ఫిజియో మాట అక్షరాలా పట్టుకుని, మార్కులన్నీ వచ్చేదాకా కూర్చోవడమే చేయించడం. దీన్నీ నేను సమర్థించను. కూర్చోవడం పూర్తయ్యాకే నిలబడటం అనే నియమం ఏదీ లేదు. కాళ్లకు బరువు తెలియకుండా వారాల తరబడి కూర్చోబెడితే తొడ కండరాలు కరిగిపోతాయి, మనిషి దిగులు పడతాడు. రెండూ కలిసి సాగాలి. రోజూ కూర్చున్నచోట అందుకోవడం, దానితోపాటే ఫిజియో పక్కనుండగా ఎత్తు కుర్చీలోంచి లేచి నిలబడి మళ్లీ నెమ్మదిగా కూర్చోవడం. పాదాలు వెనక్కి, ముక్కు మోకాళ్లు దాటి ముందుకు, అప్పుడు లేవాలి. ఇది సగం మొండెం వ్యాయామం, సగం నడక వ్యాయామం. బావగారి ఆత్రానికీ ఫిజియో జాగ్రత్తకీ ఇక్కడ రాజీ కుదురుతుంది. నేనైతే ఇటే మొగ్గుతాను.

మూడోది, నాలుగైదు వారాలు ఏదైనా రిహాబ్ సెంటర్‌లో చేర్పించడం. రోజుకి ఎక్కువ గంటలు సాధన, ఫిజియోతోపాటు, స్నానం, బట్టలు వేసుకోవడం లాంటి రోజువారీ పనులు మళ్లీ నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు ఉంటారు, తోసుకునే అలవాటు ఉన్నవాళ్లను చూసిన అనుభవం ఉంటుంది. మొదటి మూడు నెలల్లో కోలుకునే వేగం ఎక్కువ కాబట్టి, వెళ్లేదుంటే ఇప్పుడే వెళ్లాలి. ఖర్చు, ఎవరో ఒకరు అక్కడ ఉండాల్సి రావడం కష్టాలు. చేర్చేముందు రోజుకి ఎంతసేపు ఏ చికిత్స ఇస్తారో కాగితం మీద రాయించుకోండి. నెలరోజుల మర్దనాకు పెట్టే డబ్బు ఇటు పెడితే ఎలా ఉంటుందో బావగారు ఆలోచించొచ్చు.

నాలుగోది ఆ మర్దనాలే. నూనె రాస్తే ఒంటికి హాయిగానే ఉంటుంది, కాదనను. కానీ ఒళ్లు ఒరిగినప్పుడు ఆపుకోవడం తను చేస్తేనే వస్తుంది, పడుకోబెట్టి ఇంకొకరు చేస్తే రాదు. పోయేది డబ్బు ఒక్కటే అయితే పర్వాలేదు, ఈ నెల పోతుంది. అయినా అందరూ పట్టుబట్టి తీసుకెళ్తే రెండు మాటలు గట్టిగా చెప్పండి. బీపీ మాత్రలు, రక్తం పలచబడే మాత్రలు ఒక్కరోజు కూడా ఆపకూడదు, ఎడమ భుజాన్ని లాగకూడదు, గుంజకూడదు.

ఆ భుజం సంగతి వదిలేయకండి. స్ట్రోక్ తర్వాత కండరాల పట్టు లేక భుజం కీలు కాస్త జారి వేలాడుతుంటుంది. చెయ్యి పట్టి, చంకలో చెయ్యి వేసి లేపితే అది ఇంకా సాగుతుంది. డాక్టర్‌కి చూపించండి. కూర్చున్నప్పుడల్లా ఎడమ ముంజేతి కింద దిండు ఉండాలి. ఇక ఎవరు లేపినా నడుము బెల్టు పట్టుకునో, వీపు వెనక భుజం ఎముక మీద చెయ్యి ఉంచో లేపాలి.

దిండ్ల విషయంలో అత్తమ్మది పూర్తిగా తప్పు కాదు. భోజనం వేళ దిండ్లు పెట్టాల్సిందే. ఒరిగి, జారి కూర్చుని తింటే మెతుకు ఊపిరితిత్తుల దారి పట్టొచ్చు. నిటారుగా, గడ్డం కాస్త కిందికి ఉంచి తినిపించి, ఆ తర్వాత అరగంట అలాగే కూర్చోనివ్వండి. అయితే వాలుకుర్చీ భోజనానికి కూడా పనికిరాదు. అందులో ముందుకి జారిపోయి తోకెముక మీద కూర్చుంటారు, పుండ్లు పడేది అక్కడే. చేతులున్న గట్టి చెక్కకుర్చీ చూడండి. తినేటప్పుడు, అలసినప్పుడు దిండ్లు, సాధన చేసేటప్పుడు మనుషులు. ఇలా పంచితే అత్తమ్మ భయానికీ చోటుంటుంది, ఆవిడకీ ఒక పని ఉంటుంది.

లుంగీ సంగతి మళ్లీ ఎత్తుతున్నాను. మీరు పక్కన ఉంటే ఆయన లుంగీ జారినా చెప్పరు, ఒంటేలు వచ్చినా చెప్పరు. ఓపిక పట్టి పట్టి, ఎవరూ లేనప్పుడు తనే లేవబోతారు. అప్పుడు పడతారు. ఎలాస్టిక్ ఉన్న ప్యాంటు వేయండి, కుడిచేతికి అందేలా యూరిన్ బాటిల్ పెట్టండి, ఇండియన్ లెట్రిన్ అయితే చేతులున్న కమోడ్ కుర్చీ కొనండి. ఏడింటికి మీ ఆయన వెళ్లే లోపు స్నానం, దొడ్డికి వెళ్లడం అయ్యేలా చూసుకోండి. మధ్యాహ్నానికి ఒక మగ మనిషిని రెండు గంటలకు పెట్టుకోగలిగితే మామయ్య మర్యాదా నిలబడుతుంది, మీ నడుమూ నిలబడుతుంది.

అన్నీ మీరే నేర్చుకుని చేసేద్దామన్న ఆలోచన మీ ఉత్తరం నిండా కనబడింది. మన దేశంలోనే 14 ఆస్పత్రుల్లో 1250 మంది రోగుల మీద ఒక పెద్ద ప్రయోగం చేశారు. ఒక వర్గానికి మామూలు చికిత్సతోపాటు ఇంటివాళ్లకు నేర్పించి వాళ్లచేత వ్యాయామాలు చేయించారు, రెండో వర్గానికి మామూలు చికిత్స మాత్రమే. 2017లో ఫలితాలు వచ్చాయి. ఆరు నెలలకు చనిపోయినవాళ్లు, ఒకరి మీద ఆధారపడినవాళ్లు కలిపి రెండు వర్గాల్లోనూ 47 శాతమే, తేడా లేదు. ఇంటివాళ్ల శ్రమ వృథా అని దీనికి అర్థం కాదు. మిమ్మల్ని థెరపిస్టుని చేసేస్తే సరిపోతుందనుకోకూడదని అర్థం. రేపు మామయ్య అనుకున్నంత కోలుకోకపోతే ఆ లోపం మీది అని ఎవరూ అనకూడదు, మీరూ అనుకోకూడదు.

కోడలిని, మాట్లాడొచ్చా అన్నారు. రోజంతా ఆయన పక్కన ఉండేది మీరు. కానీ మీ నోటి మీదుగా వస్తే అది వాదన అవుతుందని మీకూ తెలుసు, అందుకే ఫిజియో చేత చెప్పించండి. ఆయన వచ్చే రోజున బావగారిని వీడియో కాల్‌లో ఉంచి, గ్లాసు అందుకునే పని అందరి ముందూ చేయించమనండి. ఆ ఒరగడం ఒక్కసారి చూస్తే బావగారు సగం దిగొస్తారు. అదే కాల్‌లో ఫిజియోని మూడు అడగండి. ఈ 9 రెండు వారాల్లో ఎంతకి రావాలని చూస్తున్నారు? నిలబెట్టడం ఎప్పటినుంచి, ఎవరి సాయంతో? పెరగకపోతే ఏం మారుస్తారు? సూటిగా జవాబు చెప్పలేకపోతే ఇంకో ఫిజియో అభిప్రాయం తీసుకోవడంలో తప్పు లేదు, న్యూరో అనుభవం ఉన్నవాళ్లయితే మంచిది. ఇద్దరు మాత్రం ఒకేసారి వద్దు. ఒకరు చెప్పింది ఇంకొకరు చెడగొడతారు, మధ్యలో మామయ్య నలుగుతారు.

ఒక జాగ్రత్త చెప్పి ముగిస్తాను. సాయంత్రం అలసి ఒరగడం వేరు. నిన్నటిదాకా కూర్చున్న మనిషి ఇవాళ ఉన్నట్టుండి అసలు నిలవకపోయినా, మాట ముద్దగా వచ్చినా, మూతి వంకర పోయినా, కుడివైపు కూడా బలం తగ్గినా బద్ధకం అనుకోకండి, ఫిజియో వచ్చేదాకా ఆగకండి, బావగారిని అడిగి నిర్ణయిద్దామనుకోకండి. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. ఆయన స్ట్రోక్ ఈమధ్యనే వచ్చింది గనక అది ఇవ్వొచ్చా లేదా అన్నది ఆస్పత్రిలో తేలుస్తారు. మీరు మాత్రం మామూలుగా చివరిసారి ఎన్నింటికి ఉన్నారో గుర్తుపెట్టుకుని, వెంటనే 108కి ఫోన్ చేసి, పాత స్కాన్ కాగితాలు, మాత్రల చీటీ చేతిలో పట్టుకుని బయల్దేరండి.